నిప్పుకోడి చుట్టాల పెట్టె: గుడ్డుకి పూర్తి మార్కులు, చార్టుకి సున్నా

కోఠి, సుల్తాన్ బజార్ వైపు స్కూళ్లకి ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే ఎగరని పక్షుల మోడల్ పెట్టె గురించి ఈ సమీక్ష. తయారీదారు పేరు, దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలన్నీ దాదాపు ఒకే అచ్చులోంచి వస్తాయి, చూసుకోవాల్సిన సంగతులూ అవే. చెప్పే ధర 3,800 రూపాయలు, కాస్త గట్టిగా అడిగితే 3,400కి ఇస్తారు.

పెట్టెలో ఉండేవి: తొమ్మిది ప్లాస్టిక్ బొమ్మలు, అసలు సైజులో నిప్పుకోడి గుడ్డు అచ్చు, పుర్రె అచ్చు, రెండు రొమ్ము ఎముకల అచ్చులు, ఒక పాదం అచ్చు, మూడు ఈకల ప్యాకెట్లు, గోడకి తగిలించే చార్టు. ముట్టుకుని చూసేవి చాలావరకు బాగున్నాయి. చదువుకునేవే తప్పులతడక. ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ జువాలజీ దాకా ఎవరికైనా పనికొస్తుంది గానీ, చార్టుని నమ్మి పాఠం చెప్తే నలభై ఏళ్ల కిందటి పాఠం చెప్పినట్టే.

గుడ్డు దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే పెట్టెలో బాగా చేసింది అదే. పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 13, లోపల ఇసుక నింపి బరువు సుమారు 1.4 కిలోలకి తెచ్చారు. అంటే రెండు డజన్ల కోడిగుడ్ల బరువు. ఒక పక్క చిన్న కిటికీలా కోసి పెంకు మందం చూపించారు, అది 2 మిల్లీమీటర్లు. అసలు పెంకూ అంతే ఉంటుంది. పైన సన్నటి గుంటలు కూడా వేశారు. గాలి ఆడే రంధ్రాలు బయటికి తెరుచుకునేది ఆ గుంటల్లోనే. లోపమల్లా రెండు చిప్పలు అతికిన గీత. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేస్తే ఆ గీత విచ్చుకుంటుంది, ఇసుక కారుతుంది. ఇంటికి తేగానే గీత పొడవునా ఎపాక్సీ ఒక పూత పూసి, కుండల కింద పెట్టే కుదురు ఒకటి తెచ్చి దాని మీద కూర్చోబెట్టండి. బల్ల మీద దొర్లితే పగిలేది గుడ్డు కాదు, బల్ల అద్దం.

ఈ గుడ్డు పక్కన, అంతరించిపోయిన మడగాస్కర్ ఏనుగుపక్షి (శాస్త్రీయ నామం ఏపియోర్నిస్) గుడ్డు కూడా పెట్టి ఉంటే పెట్టె విలువ రెట్టింపయ్యేది. పెట్టలేదు. ఏపియోర్నిస్ గుడ్డు 30 సెంటీమీటర్లు దాటుతుంది, ఏడు నిప్పుకోడి గుడ్లు అందులో పట్టేస్తాయి. లోపలి సొన పది లీటర్ల దాకా, అంటే మన ఇళ్లకొచ్చే వాటర్ క్యాన్‌లో సగం. ఇటు న్యూజీలాండ్ కివి చూడండి. కోడంత పక్షి, గుడ్డు మాత్రం 400 గ్రాములు దాటుతుంది, తల్లి బరువులో అయిదో వంతుకి కాస్త అటూ ఇటూ. ఏనుగుపక్షి, కివి రెండింటినీ పక్కపక్కన తల్చుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, చార్టు దగ్గర అది వస్తుంది.

రొమ్ము ఎముకల జత కోసమైనా ఈ పెట్టె కొనొచ్చు. ఒకటి నిప్పుకోడిది, చాటలా చదును. రెండోది పావురానిది, మధ్యలో పడవ అడుగులా నిలువు పలక. ఎగిరే కండరాలు పట్టుకునేది ఆ పలకనే. 1813లో మెరెమ్ అనే జర్మన్ పండితుడు పక్షుల్ని ఈ తేడా మీదే రెండుగా విడగొట్టాడు. పలక లేనివాటికి తెప్ప అనే లాటిన్ మాట నుంచి రాటిటే అని పేరు పెట్టాడు. రాటైట్లు అన్న మాట అక్కణ్నుంచి వచ్చిందే. అచ్చులు రెండూ శుభ్రంగా ఉన్నాయి, కొలతలూ సరిపోయాయి.

పావురం ఎముక చిన్నది కనక క్లాసులో వెనక బెంచీవాళ్లకి కనిపించదు. చికెన్ షాపులో రొమ్ము ఎముక విడిగా అడగండి, కానీ బ్రాయిలర్ వద్దు. నలభై రోజులకే కోసేస్తారు కనక దాని పలక చివర ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది, ఉడికిస్తే ముడుచుకుపోతుంది. నాటుకోడిదే తెచ్చుకోండి. గంటసేపు సన్న మంట మీద ఉడికించి, మాంసం వేలితో తీసేసి, సబ్బుపొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తర్వాత మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సమంగా నీళ్లు కలిపి ఒక రోజు ఉంచితే తెల్లబడుతుంది. బ్లీచింగ్ పౌడర్ జోలికి మాత్రం పోవద్దు, ఎముకని లోపల్నుంచి గుల్ల చేస్తుంది, ఆరు నెలల్లో పిండిలా రాలుతుంది.

అయితే ఒక జాగ్రత్త. పలక లేకపోవడం చుట్టరికానికి రుజువు కాదు. ఎగరడం మానేస్తే ఏ పక్షికైనా ఆ పలక కరిగిపోవచ్చు. పెట్టెతో వచ్చే కరపత్రం ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే సగం తప్పులు తప్పేవి.

నిజమైన చుట్టరికపు గుర్తు అంగిట్లో ఉంది, అంటే పుర్రెని తిరగేసి చూడాలి. 1867లో హక్స్‌లీ పక్షుల్ని అంగిటి ఎముకల ఆధారంగా వర్గీకరించాడు. నిప్పుకోడి, దాని చుట్టాల అంగిలి ప్రత్యేకమని అప్పుడే గుర్తించాడు. పేలియోగ్నాథే, అంటే పాతదవడ పక్షులు అన్న పేరు 1900లో పైక్రాఫ్ట్ పెట్టాడు. వీటిలో అంగిటి ఎముకలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. కోడి, కాకి, గద్దల్లాంటి మిగతా పక్షుల్లో మధ్యలో కదిలే కీలు ఉంటుంది. పెట్టెలోని పుర్రె పైనుంచి చూస్తే ముచ్చటగానే ఉంది, కంటి గుంట కూడా సరైన సైజు. నిప్పుకోడి కన్ను అడ్డంగా 5 సెంటీమీటర్లు మరి. కానీ అచ్చు పోసినప్పుడు రెండు భాగాలు కలిసిన గీత సరిగ్గా అంగిటి మధ్య నుంచే పోయింది, దాన్ని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశారు. చూడాల్సిన ఎముకలు అక్కడే చెరిగిపోయాయి. షోకేసులో పెట్టుకోవడానికి తప్ప పాఠానికి పనికిరాదు. పుర్రె లేకుండా మిగతావి ఇస్తారేమో అడిగి చూడండి, కొన్ని దుకాణాల్లో 600 రూపాయలు తగ్గిస్తున్నారు.

పాదం అచ్చు నయం. నిప్పుకోడికి రెండే వేళ్లు, మూడోది, నాలుగోది. పెద్ద వేలికే బలమైన గోరు ఉంటుంది, బయటి చిన్న వేలికి సాధారణంగా ఉండదు. అచ్చులో రెండింటికీ గోళ్లు పెట్టారు. చిన్నదాన్ని నెయిల్ కట్టర్‌తో కత్తిరించి రుద్దేస్తే సరిపోతుంది. ఈము, దక్షిణ అమెరికా రియా, న్యూగినీ, ఆస్ట్రేలియాల్లో ఉండే కాసోవరీలకి మూడు వేళ్లు, కివికి నాలుగు. బతికున్న పక్షుల్లో రెండు వేళ్లతో నడిచేది నిప్పుకోడి ఒక్కటే. మధ్య ఆసియా శిలాజాల్లో ఎర్గిలోర్నిస్ అనే పక్షికి లోపలి వేలు కుదించుకుపోయి కనిపిస్తుంది. చాలాకాలం దాన్ని కొంగల జాతికి చెందినదన్నారు. ఇటీవల కొందరు పరిశోధకులు ఆ గుంపునే నిప్పుకోడి వంశంలోకి తెస్తున్నారు. అది నిలబడితే నిప్పుకోడి పూర్వీకుల కథలో ఆఫ్రికా కంటే ఆసియా ముందుకొస్తుంది.

ఈకల ప్యాకెట్లు మూడూ దుకాణంలోనే విప్పి చూడాలి. నిప్పుకోడి ఈక అసలైనదే. కాడకి రెండు పక్కలా పోగుల వెడల్పు సమంగా ఉంటుంది. పోగుల్ని కలిపే కొక్కేలు ఉండవు కనక వేళ్లతో దువ్వినా అతుక్కోదు. రోడ్డు మీద దొరికే కాకి ఈకని విడదీసి దువ్వండి, జిప్పులా మూసుకుంటుంది. ఈ ఒక్క పరీక్ష పిల్లలకి పది వాక్యాల పెట్టు. రియా ఈక కూడా పర్వాలేదు. ఈము ఈక దగ్గరే మోసం. అసలు ఈము ఈక ఒకే మొదలు నుంచి రెండు కాడలుగా వస్తుంది, రెండూ దాదాపు ఒకే పొడవు. పెట్టెలో వచ్చేది ఒంటి కాడది, గోధుమ రంగు అద్దిన ఏదో కోడిజాతి ఈక. ఒకప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఈము ఫారాలు ఊరూరా వెలిశాయి, 2012 ప్రాంతంలో కుప్పకూలాయి. అలాంటి చోట అసలు ఈము ఈక పెట్టలేకపోవడం విడ్డూరమే. ఆ ఫారాల పుణ్యమా అని చాలామంది ఈమునే నిప్పుకోడి అనుకుంటారు. నిప్పుకోడి ఆఫ్రికాది, ఈము ఆస్ట్రేలియాది. కాలివేళ్లు లెక్కపెడితే తేలిపోతుంది.

ఇక బొమ్మలు. రంగులు బాగున్నాయి, ప్లాస్టిక్ వాసన రెండు రోజుల్లో పోతుంది. అన్నింటినీ ఒకే కొలతకి చేయలేదు, అదే గొడవ. నిప్పుకోడి బొమ్మ ఎత్తు 12 సెంటీమీటర్లు. అసలు పక్షి రెండున్నర మీటర్లు కనక ఇది ఇంచుమించు ఇరవయ్యో వంతు. ఆ లెక్కన ఈము 9 ఉండాలి, 11 ఉంది. ఏనుగుపక్షి 15 ఉండాలి, 14 ఉంది, క్షమించొచ్చు. కివి రెండు సెంటీమీటర్లు ఉండాల్సింది ఆరు ఉంది. అంటే ఈ పెట్టె ప్రకారం కివి ఏడేళ్ల పిల్లంత పక్షి. న్యూజీలాండ్‌లో అంతరించిపోయిన మోవా మెడ పైకి చాస్తే 3.6 మీటర్లు, కాబట్టి బొమ్మ 18 రావాలి, 13కే ఆపేశారు. మామూలుగా మోవా మెడ ముందుకి వంచి నడిచేది కనక ఎత్తు సంగతి వదిలేద్దాం. కానీ దానికి బుల్లి రెక్కలు అతికించారు, అది మాత్రం వదలకూడదు. ఎగరని పక్షులన్నింటికీ ఏదో ఒక రెక్క మిగిలింది, ఒక్క మోవాకే రెక్క ఎముక అన్నదే లేదు. బ్లేడుతో కోసి పడేయండి. కాసోవరీ బొమ్మకి కటారులాంటి గోరు నడిమి వేలికి పెట్టారు, అసలుది లోపలి వేలికి ఉంటుంది. ఇది కోసి అతికించడం కష్టం, కాబట్టి పక్కన చీటీ పెట్టుకోవడమే.

తొమ్మిదింట్లో రెండు అసలు ఈ ఇంటివే కావు. డోడో మారిషస్‌లో బతికిన పావురం జాతి పక్షి. దక్షిణ అమెరికా భయంకర పక్షి, అదే ఫోరస్రేకస్, దానికి బతికున్న దగ్గరి చుట్టం అక్కడి సీరియెమా. రెండూ ఎగరవన్న ఒక్క కారణంతో తెచ్చి కూర్చోబెట్టారు. ఆ లెక్కన పెంగ్విన్ ఏం పాపం చేసింది? ఉండాల్సినది మాత్రం లేదు. అది టినమూ. మధ్య, దక్షిణ అమెరికాల్లో బతికే ఈ పక్షి చూడ్డానికి అచ్చం కంజు పిట్టలా ఉంటుంది, ఎగురుతుంది కూడా. అంగిలి మాత్రం పాతదవడే. జాతులు నలభై అయిదుకి పైనే. టినమూ లేని నిప్పుకోడి పాఠం వియ్యంకుడు రాని పెళ్లి, అసలు తగువంతా ఆయన చుట్టూనే.

చార్టులో ఎగరని పక్షులన్నీ ఒకే కొమ్మ మీద ఉన్నాయి. అది దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్నప్పటి గోండ్వానా మహాఖండం మీద మొలిచినట్టు, ఖండాలు విడిపోతుంటే పక్షులు వాటి మీద కూర్చుని తలా ఒక దిక్కుకి వెళ్లినట్టు గీశారు. వినడానికి అందమైన కథ, ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా పుస్తకాల్లో ఉన్నదే. డీఎన్‌ఏ దాన్ని విడతలు విడతలుగా కూల్చింది. కివి, మోవా రెండూ న్యూజీలాండ్‌వే అయినా, కివికి ఈము, కాసోవరీలే దగ్గర అని 1992లో తేలింది. 2008లో టినమూ ఈ గుంపు బయట కాదు, మధ్యలో ఉందని బయటపడింది. 2010లో మోవాకి అత్యంత దగ్గరి చుట్టం ఆ టినమూయేనని చూపించారు. 2014లో అన్నింటికంటే పెద్ద దెబ్బ. మడగాస్కర్ ఏనుగుపక్షికి తోబుట్టువు ఆఫ్రికా నిప్పుకోడి కాదు, న్యూజీలాండ్ కివి.

ఇప్పుడు తేదీలు చూడండి. మడగాస్కర్ భారత ఫలకం నుంచి విడిపోయింది సుమారు 8.8 కోట్ల ఏళ్ల కింద. న్యూజీలాండ్ విడిపోవడం సుమారు 8 కోట్ల ఏళ్ల కింద మొదలైంది. కివి, ఏనుగుపక్షుల దారులు వేరయింది దాదాపు 5 కోట్ల ఏళ్ల కింద. బండి వెళ్లిపోయాక మూడు కోట్ల ఏళ్లకి ప్రయాణికుడు స్టేషన్‌కి వచ్చినట్టు. కాబట్టి వీటి పూర్వీకులు ఎగిరే వెళ్లాయి, వెళ్లిన చోట వేర్వేరుగా ఎగరడం మానేశాయి. ఎక్కువమంది ఒప్పుకునే లెక్కలో ఇలా ఐదారుసార్లు జరిగింది. ఎగిరే పాతదవడ పక్షుల శిలాజాలు కూడా ఉన్నాయి, యూరప్, ఉత్తర అమెరికాల్లో దొరికిన లిథోర్నిస్ గుంపు అదే. చార్టులో దాని ఊసే లేదు. జర్మనీలో మెసెల్ గనిలో దొరికిన, సుమారు 4.7 కోట్ల ఏళ్ల నాటి పాతదవడ పక్షి పేలియోటిస్ కూడా లేదు.

చార్టు పారేయకండి, వెనకవైపు తెల్లగా ఉంటుంది, కాగితం మందంగా ఉంది. దాని మీద దారం, గుండుసూదులతో సరైన చెట్టు ఇలా కట్టొచ్చు. అడుగున ఒక సూది గుచ్చి దారం మొదలుపెట్టండి. మొదటి ముడి దగ్గర నిప్పుకోడిని ఒంటరిగా ఎడమకి తీసేయండి, మిగతా అన్నింటికీ అది దూరపు దాయాది. రెండో ముడి దగ్గర రియాని విడదీయండి. మూడో ముడి దగ్గర దారం రెండుగా చీలాలి. ఒక పాయకి మోవా, టినమూ. టినమూ బొమ్మ లేదు కనక బొమ్మల కొట్లో దొరికే చిన్న కంజు పిట్టో కోడిపిల్లో పెట్టి రెక్కల మీద ఎర్ర చుక్క వేయండి, ఎగురుతుందని గుర్తు. రెండో పాయ మళ్లీ చీలి ఒకవైపు కివి, ఏనుగుపక్షి, ఇంకోవైపు ఈము, కాసోవరీ. రియా ముడిని మాత్రం గట్టిగా బిగించకండి. పూర్తి జీనోములు పోల్చిన కొన్ని అధ్యయనాలు దాన్ని కివి, ఈముల వైపు జరుపుతున్నాయి. ఆ కొమ్మలు చాలా తక్కువ కాలంలో ఒకదాని వెంట ఒకటి చీలాయి, అందుకే ఒక్కో జన్యువు ఒక్కో కథ చెప్తోంది.

ఎర్ర చుక్క టినమూ మీద ఒక్కదాని మీదే ఉందని పిల్లలు గమనిస్తే పాఠం సగం అయినట్టే. అన్నీ ఒకేసారి ఎగరడం మానేశాయంటే టినమూ మళ్లీ రెక్కలు తెచ్చుకుందని చెప్పాలి. పోయిన రొమ్ము పలక, కండరాలు, ఈకల కొక్కేలు అన్నీ తిరిగి రావడం కంటే విడివిడిగా పోగొట్టుకోవడమే తేలిక.

చార్టులో చిన్న తప్పులు ఇంకా ఉన్నాయి. నిప్పుకోడి ఒకే జాతి అని రాశారు. మామూలు నిప్పుకోడితో పాటు, మెడ, తొడలు నీలిబూడిద రంగులో ఉండే సోమాలీ నిప్పుకోడిని ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు. మోవాల వరసలో డైనోర్నిస్ అనే భారీ మోవాల్లో పెద్దవాటిని, చిన్నవాటిని వేర్వేరు జాతులుగా పెట్టారు. అవి ఆడ, మగ అని 2003లోనే డీఎన్‌ఏతో తేలింది. ఆడది మగదానికి ఒకటిన్నర రెట్లు ఎత్తు, రెండున్నర రెట్లకి పైగా బరువు. శాస్త్రీయ నామం స్ట్రుథియో కేమెలస్ ఎందుకో వివరించలేదు, మనకైతే అది చిటికెలో అర్థమయ్యేది. కేమెలస్ అంటే ఒంటె, మన ఉష్ట్రపక్షిలోనూ ఒంటే ఉంది, చార్మినార్ దగ్గర ఎవర్ని అడిగినా శుతుర్‌ముర్గ్ అంటారు, అదీ ఒంటెకోడే.

పటంలో భారతదేశాన్ని ఖాళీగా వదిలేయడం మాత్రం హైదరాబాద్‌లో అమ్మే పెట్టెకి సిగ్గుచేటు. హిమాలయాల దిగువన శివాలిక్ కొండల్లో దొరికిన నిప్పుకోడి ఎముకలకి స్ట్రుథియో ఏషియాటికస్ అని 1871లోనే పేరు పెట్టారు. మహారాష్ట్రలో పాట్నే దగ్గర గీతలు చెక్కిన పెంకు, భీంబేట్కాలో పెంకుతో చేసిన పూసలు దొరికాయి. ప్రకాశం జిల్లాలో సుమారు 41,000 ఏళ్ల నాటి గూడు బయటపడిందని 2024లో చదివాం. వీటన్నింటికీ మించి, రాజస్థాన్, మధ్యప్రదేశ్ పెంకుల నుంచి తీసిన పాత డీఎన్‌ఏ ఆఫ్రికా నిప్పుకోడితో 92 శాతం కలిసిందని తేల్చిన 2017 నాటి పనిలో మన హబ్సిగూడ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తల చెయ్యి ఉంది. ఆ పెంకుల వయసు కనీసం 25,000 ఏళ్లు. దీన్ని చూసి నిప్పుకోళ్లు భారత ఫలకం ఎక్కి వచ్చాయనుకోవడం తేలిక, కానీ లెక్క కుదరదు. స్ట్రుథియో ప్రజాతి తొలి శిలాజం నమీబియాది, దాని వయసు 2.1 కోట్ల ఏళ్లే. భారతదేశం ఆఫ్రికాని వదిలింది అంతకు చాలా చాలా ముందు. వచ్చినవి నేల దారిన, ఆసియా మీదుగా నడిచి వచ్చాయి. పటం మీద స్కెచ్ పెన్నుతో ఈ చోట్లన్నీ చుక్కలు పెట్టేయండి, పది నిమిషాల పని.

అడిగితే పెట్టె విడగొట్టి కూడా ఇస్తున్నారు. గుడ్డు, రొమ్ము ఎముకల జత, పాదం, నిప్పుకోడి ఈక కలిపి 1,900కి వస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. బొమ్మలు కావాలంటే ఏడు తీసుకుని డోడోని, భయంకర పక్షిని వెనక్కిచ్చేయండి. పూర్తి పెట్టె తీసుకునేవాళ్లు బిల్లు వేయించకముందే రెండు పనులు చేయాలి. గుడ్డుని చెవి దగ్గర ఊపి ఇసుక కదులుతోందేమో వినాలి, కదిలితే లోపలి గోడ అప్పటికే విరిగినట్టు. ఈము ఈక ప్యాకెట్ విప్పి మొదలు దగ్గర కాడలు లెక్కపెట్టాలి. ఒకటే ఉంటే ఆ ప్యాకెట్ కౌంటర్ మీదే వదిలేసి, 150 తగ్గించమనండి.